సగం సూర్యుడు, ఒక నల్లచుక్క

ఆ నల్లచుక్క ఎందుకు పెట్టావని ఎవరడిగినా బ్యూలా దగ్గర జవాబు లేదు. బొమ్మ గీసింది తనే. పసుపు రంగులో నిండుగా ఒక సగం సూర్యుడు, అడుగున నున్నటి గీత, ఆ గీత మీద కుడిపక్కకు ఆనుకుని ఒక నల్లచుక్క. అంతే బొమ్మ. చేతికి రంగుపెన్సిల్ ఇస్తే ఒకటో తరగతి పిల్లలు కూడా గీస్తారు. కానీ అది గీసిన రోజు నుంచి ఇస్నాపూర్‌లోని ఆ మేడమీద గదిలో ఇద్దరికీ నిద్రాహారాలు సరిగా లేవు.

గదికి అద్దగంట గేమ్స్ అని ఒక పేరుంది. కంపెనీ అంటే ఏదో అనుకునేరు. ఇద్దరు మనుషులు, రెండు కంప్యూటర్లు, తల తిప్పమంటే మొరాయించే ఒక టేబుల్ ఫ్యాను. బొమ్మలు బ్యూలావి, ప్రోగ్రామింగ్ యామినిది. ఇద్దరూ జోగిపేటలో ఒకే బడిలో ఒకే బెంచీ మీద పెరిగినవాళ్లు. యామిని వాళ్లది బజారులో పప్పుధాన్యాల దుకాణం, బ్యూలా వాళ్లమ్మ సౌభాగ్యమ్మ బడిపంతులమ్మ. చదువులయ్యాక యామిని హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోయింది. బ్యూలా పటాన్‌చెరులో మేనత్త ఇంట్లో ఉంటూ, బొంతపల్లి దిక్కున ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. నాలుగేళ్లపాటు రోజూ బస్సెక్కి పోయి, మాత్రలను నీళ్లలో వేసి, ఎంతసేపటికి కరుగుతున్నాయో చూసి రాసింది. మధ్యాహ్నం తిండికి అరగంట, వాళ్ల మాటలో అద్దగంట, ఇచ్చేవాళ్లు. గబగబా డబ్బా ఖాళీ చేసి, మిగిలిన సమయమంతా ఫోన్ మీద వేలితో బొమ్మలు గీసుకునేది. తర్వాత ఇద్దరూ ఉద్యోగాలు మానేసి పెట్టుకున్న కంపెనీకి పేరు ఆ అరగంటలోంచే వచ్చింది. వాళ్లు చేసిన మొదటి ఆటా అక్కడిదే. ఫ్యాక్టరీ షెడ్డులో చిక్కుకున్న ఒక పిచ్చుక సైరన్ మోగేలోపల బయటికి దారి వెతుక్కోవాలి.

"పిచ్చుకనే లోగో పెట్టుకుంటే అయిపాయె గదనే?" అని యామిని మొదట్లోనే అంది.

"రేపు ఇంకో ఆట చేస్తం. అండ్ల పిచ్చుక లేకుంటే?"

అప్పుడు బ్యూలా ఈ సగం సూర్యుణ్ణి గీసి చూపించింది. గీసింది అనడం కూడా సరికాదు, చెయ్యి దానంతటదే తిరిగింది. చూడగానే ఇది నాది అనిపించింది. నాలుగేళ్లు ఎవరి పేరుమీదో అమ్ముడుపోయే మాత్రలు చూసిన మనిషికి, ఇది నాది అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

తొందర ఎందుకంటే, హైదరాబాదులో చిన్నచిన్న గేమ్ కంపెనీలు కలిసి పెడుతున్న ప్రదర్శనలో వీళ్లకూ ఒక బల్ల దొరికింది. శుక్రవారం సాయంత్రానికి లోగో పంపితే బ్యానర్ మీద వేస్తారు. ఇది ఇద్దరి తొందర. బ్యూలాకు మాత్రం ఇంకో తొందర ఉంది, దాన్ని యామినికి చెప్పలేదు. పాత ల్యాబు సారు మురళీమోహన్ ఫోన్ చేశాడు. నీ జాగా ఖాళీగానే ఉంది, వస్తావో రావో శనివారానికి చెప్పు, తర్వాత వేరేవాళ్లను తీసుకుంటాం అన్నాడు. బ్యూలా మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. కంపెనీకి ముఖం లాంటి ఒక్క బొమ్మ తన చేత్తో నిలబడితే ఇక్కడే ఉంటుంది. అదీ చేతకాకపోతే, తనకు బొమ్మలు రావని ఒప్పుకుని మాత్రల దగ్గరికే పోతుంది.

ఇంత బరువు ఆ బొమ్మ మీద ఉందని తెలియక ప్రతివాళ్లూ దాన్ని తలోదిక్కుకూ లాగారు.

సౌభాగ్యమ్మ ఫోన్లో చూసి మురిసిపోయింది. "పునరుత్థానం గదా బిడ్డా! ఆదివారం పొద్దు పొడుస్తున్నది, సమాధి మీది రాయి పక్కకు దొర్లింది. ఆ రాయే గదా నల్లగున్నది?" అని, కూతురు నోరు తెరిచేలోపల చర్చిలో స్త్రీల సమాజం గ్రూపుకు పంపేసింది. అటునుంచి వరుసగా ఆమెన్‌లు వచ్చిపడ్డాయి. యామిని తండ్రి సోమేశ్వర్ కళ్లజోడు పైకీ కిందికీ జరిపి, "పసుపు శుభం. మల్ల దిష్టిచుక్క గూడ పెట్టినవు. మంచిగ సోంచాయించినవ్ బిడ్డా," అని మెచ్చుకున్నాడు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు రాజవ్వ మాత్రం ఫోన్‌ను దూరంగా పట్టుకుని, "ఆమ్లెట్ మడతవెట్టినట్టున్నది. ఈగ వాలింది సూడు," అంది.

బ్యూలా తల తిరిగిపోయింది. రాయా, దిష్టిచుక్కా, ఈగా? తను పెట్టింది ఈ మూడింట్లో ఏదీ కాదు. మరి ఏమిటంటే తెలియదు. చుక్క తీసేసి చూస్తే బొమ్మ చచ్చిపోయినట్టుంటుంది. ఎడమపక్కకు జరిపితే అబద్ధం చెప్పినట్టుంటుంది. మళ్లీ కుడిపక్క పెడితే ప్రాణం లేచివస్తుంది. ఇదేం పిచ్చి అని తనను తానే తిట్టుకుంది.

"ఒక్క కారణం చెప్పు, ఉంచుత," అంది యామిని. యామినికి ప్రతిదానికీ కారణం కావాలి; అది లేకుండా ఒక్క లైను కోడ్ కూడా రాయదు. "మంది అడుగుతరు. ఏం చెప్పాలె? మా దోస్తుకు గట్ల అనిపించింది అని చెప్పాల్నా?"

"నాకెరుక లేదే. కానీ అది ఉండాలె."

"గిట్లయితే ఎట్లనే? పరేషాన్ చేస్తున్నవ్."

మాట మీద మాట పెరిగింది. ఆ రోజు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పనిచేశారు. టీ కూడా ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు.

ఈలోగా సోమేశ్వర్ తన పని తాను చేసుకుపోయాడు. వ్యాపారస్తుల ఇళ్లలో దుకాణం తెరిచారంటే ముందు బోర్డు లేవాలి, తర్వాతే తక్కినవన్నీ. "మా గిరాకీ అంత ఫోన్లల్ల ఉంటది అంకుల్," అని బ్యూలా ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. "ఫోన్లల్ల ఉన్నా, జాగ అనేది ఒకటి ఎరుకుండాలె గద!" అని బుధవారం సాయంత్రం ట్రాలీ ఆటోలో ఇంతెత్తు రేకు బోర్డు వేసుకుని దిగాడు. కొబ్బరికాయ కొట్టి, బోర్డును మేడమీది పిట్టగోడకు కట్టించి, వీధిలోకి పోయి నిలబడి చూసుకుని, మురిసిపోతూ జోగిపేట బస్సెక్కాడు. బోర్డు నిండా పసుపు సగం సూర్యుడే. అడుగున కంపెనీ పేరు చీమల బారంత సన్నగా ఉంది.

నల్లచుక్క లేదు.

బ్యూలా బోర్డును చూసింది, యామినిని చూసింది. యామిని చూపు తిప్పుకుంది. "బోర్డాయనకు ఫొటో నేనే పంపిన," అంది. "చుక్క లేకుండ ఎట్లుంటదో చూద్దామని. సాఫ్‌గ ఉన్నది గదా?"

సాఫ్‌గానే ఉంది. అదే బ్యూలాకు మంట పుట్టించింది. అంతకంటే పెద్ద మంట ఏమిటంటే, ఇది తనది కాదనిపించింది. రాత్రికి రాత్రి ఎవరిదో అయిపోయింది. ఎవరిదో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున బ్యూలా, ఇద్దరూ పడుకునే వెనకగదిలో ఇంకా ముసుగు తీయకముందే కింద రాజవ్వ గొంతు వినబడింది. "ఓ బ్యూలా! ఓ బిడ్డా! మనింట్ల ఎవలన్న పోయిన్రా ఏంది? గింతమంది జమైన్రు!"

పిట్టగోడ మీంచి వంగి చూస్తే నిజంగానే జనం. భుజాన సంచులు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. సగంమంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో కిరాయి గదుల్లో ఉండేవాళ్లు. అందరూ ఇంటిముందు వరుసగా నిలబడి, మధ్యమధ్య తలెత్తి బోర్డును చూస్తున్నారు. బ్యూలా చున్నీ వెతుక్కుని మెట్లు దిగేసరికి ఏదో బండి ఆగి కదిలిన చప్పుడైంది. వీధిలో దుమ్ము తప్ప ఎవరూ లేరు.

"ఆట ఆడినోళ్లేమో!" అంది యామిని, కోపం మర్చిపోయి.

"ఆట ఇంకా బయటికే ఇయ్యలే గదనే!"

"మరి నౌకరీ కోసం వచ్చిన్రేమో."

"మనకే నౌకరీ లేదు."

సాయంత్రం ఇంకో ముచ్చట. ఒకతను మేడెక్కి వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విప్పి, రేపు సెకండ్ షిఫ్ట్‌కు మార్చండి అని హిందీలో వేడుకున్నాడు. యామిని అతనికి ఇది గేమ్స్ కంపెనీ అని ఎంతో ఓపికగా వివరించింది. అతను అంతా విని, బాగా అర్థమైనట్టు తలూపి, అయితే సెకండ్ షిఫ్ట్ కుదరదా అన్నాడు. అతను పోయాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కలవరంలో ఒక్క మంచి జరిగింది, టీ మళ్లీ ఒకే గిన్నెలో పెట్టుకున్నారు.

శుక్రవారం పొద్దున బ్యూలా ముందే తయారై కిందికి దిగింది. ఇవాళ తేల్చుకోవాలి. సాయంత్రం లోగో పోవాలి, రేపు ల్యాబు సారుకు జవాబు చెప్పాలి, ఈ జనమెవరో తెలియాలి. మూడూ కలిసి తలలో ఉడుకుతున్నాయి. నిన్నటికంటే ఎక్కువమందే ఉన్నారు. ముందువరుసలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఆమెను చూసి గౌరవంగా పక్కకు జరిగాడు.

"మేడమ్, గాడీ లేట్ హై క్యా?"

"కౌన్‌సీ గాడీ?"

అతను ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, వేలెత్తి బోర్డు చూపించాడు. "ఏ వాలీ." ఈ గుర్తు బండే అని.

అతను చెప్పుకొచ్చిన దాన్నిబట్టి సంగతి ఇదీ. ఈ దారిలో ఫ్యాక్టరీ బస్సులు నడిపే కాంట్రాక్టరు ఒక్కో రూటుకు ఒక్కో గుర్తు పెట్టాడు. ఎర్ర ముక్కోణం ఒకటి, నీలం చదరం ఒకటి, అట్లా. తెలుగు చదవరానివాళ్లకు అదే దారి చూపించేది. బస్సు అద్దం మీద ఏ గుర్తుంటే, అదే గుర్తున్న రేకు కింద నిలబడితే చాలు. వీళ్ల రేకు రోడ్డు మీద స్తంభానికి ఉండేది. మోరీ కాల్వ పని కోసం తవ్వి ఆ స్తంభాన్ని పీకేసినప్పటి నుంచీ ఎక్కడ నిలబడాలో తెలియక తిప్పలు పడుతున్నారు. ఇప్పుడు దేవుడి దయవల్ల పెద్ద బోర్డు పెట్టారు.

అంతలో మలుపు తిరిగి బస్సు వచ్చింది. అద్దం పైన పసుపు రంగు స్టిక్కరు. నిండుగా ఒక సగం సూర్యుడు, అడుగున నున్నటి గీత.

అదే. గీతకు గీత, రంగుకు రంగు. ఆమె నాలుగేళ్లు ఎక్కిన బస్సు. అప్పట్లో ఎక్కేది పటాన్‌చెరులో మేనత్త ఇంటి సందు మొదట్లో. అక్కడ రేకూ లేదు, స్తంభమూ లేదు, డ్రైవరు నర్సన్న ఆమె ముఖం చూసి ఆపేవాడు. కళ్లు నలుపుకుంటూ ఎక్కడం, సీట్లో కూలబడటం తప్ప ఆ స్టిక్కరును ఎన్నడూ ఆగి చూసింది లేదు. కళ్లు మాత్రం చూసి దాచిపెట్టుకున్నాయన్నమాట. నాది, నాది అని పోట్లాడింది బస్సు గుర్తు కోసం!

తలుపు సరిగ్గా ఆమె ముందే తెరుచుకుంది.

"ఓ ల్యాబ్ మేడమ్! మల్ల వస్తున్నవా?" నర్సన్న నిండుగా నవ్వాడు. "ఎక్కు ఎక్కు, జల్దీ. ఎనకకెల్లి లారీలోళ్లు మొత్తుకుంటున్నరు."

బ్యూలా ఎక్కింది. ఎందుకెక్కిందని అడిగితే దానికీ ఆమె దగ్గర జవాబు లేదు. వెనక జనం తోస్తున్నారు, తలుపు తెరిచి ఉంది, కాలికి ఆ మెట్టు ఎత్తు ఇంకా గుర్తుంది. కాళ్లే తీసుకుపోయి డ్రైవరు వెనక రెండో సీట్లో, కిటికీ పక్కన, తన పాత జాగాలో కూర్చోబెట్టాయి. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, మేడమీద యామిని నోట్లో బ్రష్షుతో, రెండు చేతులూ గాల్లోకెత్తి ఏదో అరుస్తోంది.

సీటు రెక్సిన్ చిరుగు కూడా అట్లాగే ఉంది. బ్యూలా దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. ఇంకేముంది, తేలిపోయింది. నా బొమ్మ అనుకున్నది ఫ్యాక్టరీది, నా పేరు అనుకున్నది ఫ్యాక్టరీ అరగంట, నేను అనుకున్న మనిషి కూడా ఇదిగో, పిలవగానే బస్సెక్కి కూర్చుంది. ఇట్లాగే పోయి సారు ముందు నిలబడితే రేపు ఫోన్ చేసే పని కూడా ఉండదు.

బస్సు పెద్దరోడ్డు ఎక్కి పటాన్‌చెరు వైపు తిరిగింది. పొద్దు ఎదురుగా వచ్చింది. స్టిక్కరు మీద వెలుతురు పడి, పసుపంతా లోపలివైపుకు దీపంలా వెలిగింది. అలవాటు కొద్దీ తల కిటికీకి ఆనించి బ్యూలా అటు చూసింది.

వెలుగుతున్న సగం సూర్యుడు. దాని అడుగు గీత మీద, కుడిపక్కకు ఆనుకుని, నల్లగా, గుండ్రంగా నర్సన్న తల.

ఆమె తన తల కొంచెం ఇటు జరిపింది, చుక్క గీత వదిలిపోయింది. తల మళ్లీ కిటికీకి ఆనించింది, చుక్క జాగాకు వచ్చి కూర్చుంది. బయట నిలబడి చూసిన వాళ్లెవరికీ ఈ చుక్క కనబడదు. పక్క సీటులోంచి కనబడదు. కాంట్రాక్టరు గీయించింది సగం సూర్యుణ్ణే. చుక్క పెట్టింది ఈ సీటు, ఈ కిటికీ, నాలుగేళ్లు నిద్రకళ్లతో ఇటే చూసిన ఒక పిల్ల.

"నర్సన్నా! జెర తల కదిలియ్యకు!"

"ఏమైంది? తేనెటీగ వాలిందా?"

"ఏం లేదు. గట్లనే ఉండు." ఫోన్ తీసి ఫొటో కొట్టింది. బస్సు కుదుపుకు మొదటిది చెడిపోయింది, రెండోది కుదిరింది. పక్కనున్న ఆడమనిషి ఆమెను ఎగాదిగా చూసి సంచి దగ్గరికి లాక్కుంది. బ్యూలా ఏడుస్తూ నవ్వుతోంది మరి, ఆమెకు మాత్రం ఏం తెలుసు!

పటాన్‌చెరులో, మేనత్త సందు మొదట్లో దిగిపోయింది. "డ్యూటీ లేదా?" అని నర్సన్న వెనకనుంచి అరిచాడు.

షేర్ ఆటోలో తిరిగొచ్చేసరికి యామిని మెట్ల మీదే కూర్చుని ఉంది. "ఎక్కిపోయినవేందే? ఫోన్ ఎత్తవ్, ఏం చెయ్యవ్. ఇగ రావనుకున్న!" అని అరిచి, అంతలోనే కళ్లు తుడుచుకుంది.

బ్యూలా ఏమీ దాచకుండా చెప్పింది. ల్యాబు సారు ఫోనూ చెప్పింది, పెట్టుకున్న ఒట్టూ చెప్పింది. చివరికి ఫొటో చూపించింది. యామిని దాన్ని చాలాసేపు చూసింది.

"రేపటి దాక జవాబు చెప్పాలె, నాకు ఇయాల చెప్తున్నవ్," అంది. "నేనడిగింది ఒక్క కారణమే గదనే. గీ ఫొటో ముందే చూపిస్తే అయిపోతుండె."

"నాకు మాత్రం ఎరుకైతే గద!"

యామిని లేచి రాజవ్వ దగ్గరికి పోయింది. గేటుకు పూయగా మిగిలిన నల్లరంగు డబ్బా, వెంట్రుకలు ఊడిన బ్రష్షూ పట్టుకొచ్చింది. పిట్టగోడ మీంచి వంగితే చెయ్యి అందలేదు. స్టూలేసుకుని, బ్యూలా నడుం పట్టుకుంటే, తీసేసిన చుక్కను తనే దాని జాగాలో పెట్టింది. రంగు కాస్త కారింది. కిందికి దిగి వీధిలో నిలబడి ఇద్దరూ చూశారు.

"సూసినవా, నా మాటే ఖాయమైంది. ఈగ మల్ల వచ్చింది," అంది రాజవ్వ.

సాయంత్రం లోగో చుక్కతోనే వెళ్లింది. అయినా బ్యూలా మనసు కుదుటపడలేదు. ఎంత చుక్క పెట్టినా మిగిలిన సూర్యుడు బస్సుదే కదా! ఒక్క చుక్కతో వాళ్లది మనది అవుతుందా? యామినిని అడిగితే ఏమో అంది. యామిని అంతటి మనిషి ఏమో అనడం అదే మొదలు.

శనివారం పొద్దున బ్యూలా మెట్ల మీద నిలబడి ఉంది. జనం వచ్చారు. టోపీ పెద్దమనిషి అలవాటుగా బోర్డు కింద సంచి దించి తలెత్తాడు. చూశాడు. ఇంకోసారి చూశాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి చుక్క చూపించాడు. వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకున్నారు. అతను సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"చలో భాయ్," అన్నాడు. "ఏ అప్నా నహీ హై."

ఇది మనది కాదు.

అందరూ అతని వెంట, స్తంభం పీకేసిన గుంత వైపు కదిలారు. కాసేపటికి బస్సు వచ్చింది. నర్సన్న ఆమెను చూసి హారన్ కొట్టాడు, ఆపలేదు. అది పోయిన వైపు చూస్తుంటే బ్యూలాకు ఆ సీటు మీద బెంగ కలిగింది. ఆ బెంగతోనే సంతోషం కూడా కలిగింది. ఆ బొమ్మ గురించి ఇప్పటిదాకా ఎవరెవరు ఎన్ని మాటలన్నా, ఇంత మంచి మాట ఎవరూ అనలేదు.

ఆ జాగా వేరేవాళ్లకు ఇచ్చుకొమ్మని చెప్పడానికి ఆమె మెట్టు మీద కూర్చుని ఫోన్ తీసి ల్యాబు సారు నంబరు నొక్కింది.